దిద్దవలసిన చేయి

లండను పికడిల్లీ రైలుమార్గమున హౌన్స్‌లో పేరు తగిలించుకొన్న స్టేషన్లు మూడు గలవు: ఈస్టు, సెంట్రల్, వెస్టు. వీనిలో కడపటిది, 1975 లో ఆ మార్గము హ్యాటన్ క్రాస్ వఱకు పొడిగింపబడుదాక, రైలు నిలిచిపోవు తుది మజిలీగా నుండెను. నేడు ఆ పరిసరములందు కాపురముండు మన తెలుగువారికి దినమునకు ఒకమాఱైన పలుకక తప్పని పేరది. కొన్నినాళ్ళ క్రిందట హై స్ట్రీటులో బస్సెక్కుచు, గుంటూరు ప్రాంతపు ఇల్లాలొకతె ఆ పేరు చెప్పి డ్రైవరును దారి యడుగగా వింటిని. ఆమె 'వెస్ట్' అనునప్పుడు పైపలువరుస క్రిందిపెదవిని తాకినది. ఇంగ్లీషు చెవికి అట్లు పలికిన మాట పడమటి దిక్కు కాదు, చొక్కా లోపల తొడుగుకొను బనియను. డ్రైవరు గ్రహించి తలయూపినాడు. అంతటితో ఆమె పని నెరవేరినది. కాని ప్రక్కనున్న కుమారుడు, పదేండ్లవాడు, ఇక్కడనే పుట్టి పెరిగినవాడు, పకపక నవ్వి, "అమ్మా, వెస్ట్ కాదు, వెస్ట్ అనాలి" అనెను. ఆ రెండు మాటలకు గల భేదమును వ్రాసి చూపుటకు మన లిపిలో నాకు వేఱు అక్షరము లేదు; ఆ తల్లి చెవిలోను అది లేదు. ఆమె ముఖము చిన్నబోయినది. బస్సు దిగువఱకు ఆమె నోట మరల ఇంగ్లీషు మాట వినబడలేదు.

బాలుడు చెప్పినది తప్పు కాదు. ఐనను అతడు చేసినది దిద్దుట కాదని నా దృఢవిశ్వాసము. ఆ భేదమును గూర్చియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

తెలుగున 'దిద్దు' అను క్రియకు గల అర్థవిస్తృతిని మన మెప్పుడును నిదానించి చూచుకొనము. తప్పును సవరించుట దిద్దుట. బొట్టు తీర్చుకొనుట దిద్దుట. వీధిబడిలో పంతులుగారు ఇసుకలో వ్రాసిన అక్షరముమీద పిల్లవాడు తన వ్రేలు త్రిప్పుచు ఓనమాలు నేర్చుటయు దిద్దుటయే. ఈ చివరి అర్థమునందు పంతులు దిద్దడు, పిల్లవాడు దిద్దును. పంతులు చేయునది ఒరవడి పెట్టుట, తరువాత చేయి వెనుకకు తీసికొనుట. అక్షరము వంకరపోయిన ఎడల 'మఱొకమాఱు దిద్దు' అనునే గాని, ఆ వంకరను తానే చెఱిపి తానే తీర్చి ముందుకు సాగడు. సవరణకును, మొదటి అక్షరాభ్యాసమునకును మన పూర్వులు ఒక్కమాటనే వాడుట యాదృచ్ఛికమో కాదో భాషావేత్తలు చెప్పవలెను. కాని ఉపాధ్యాయుడైనవానికి అంతకంటె గొప్ప బోధనాసూత్రము ఏ గ్రంథమునందును దొరకదు. ఎఱ్ఱసిరాతో పుటయంతయు గీసి, ప్రతి తప్పునకు పైన ఒప్పు తానే వ్రాసి, అడుగున పదింటికి నాలుగు వేసి తిరిగి యిచ్చు ఉపాధ్యాయుడు మిక్కిలి శ్రమపడినాడనుట నిజమే. అయితే దిద్దినది ఆయన చేయి; నేర్చుకొనవలసిన చేయి ఒడిలో ఊరక యున్నది.

హౌన్స్‌లోలో ఈ విషయము పండితచర్చగా నిలువక, కుటుంబముల బ్రతుకుతో ముడివడియున్నది. 2021 జనాభా లెక్కల ప్రకారము సుమారు 2,88,200 మంది నివసించు ఈ పట్టణభాగమున, ఇంట ఒకభాష, వీధిలో ఒకభాష వాడు కుటుంబములు అసంఖ్యాకములు. కంప్యూటరు కొలువులకు వచ్చిన మనవారి వెంట భార్యలు, ఏటికొకసారి తల్లిదండ్రులు, అత్తమామలు వచ్చుచుందురు. ఇక్కడి పౌరుడో స్థిరనివాసియో యైన భర్తకు భార్యగా ఈ దేశము చేరుటకే 2010 నవంబరు 29 నుండి 'ఏ వన్' స్థాయి ఇంగ్లీషు పరీక్ష విధింపబడినది. 2013 అక్టోబరు నుండి స్థిరనివాసమునకు 'బీ వన్', 2017 మే నుండి నడుమ వీసా పొడిగింపునకు 'ఏ టూ' వచ్చి చేరినవి. ఐజిల్‌వర్త్‌లోని వెస్ట్ థేమ్స్ కాలేజీ వంటి చోట్ల 'ఈసాల్' అని అందఱు పిలుచు ఇంగ్లీషు తరగతులు ఎంట్రీ ఒకటి, రెండు, మూడు అని మెట్లుమెట్లుగా సాగుచుండును. పరీక్ష చేయు పని తీర్పు చెప్పుట, దానికి వేఱు దారి లేదు. కాని ఆ తీర్పరి స్వరమే తరగతిలోను, వంటయింటిలోను, బస్సులోను వినబడసాగినచో, నేర్చుకొను మనిషికి తప్పు చేసి బ్రతుకగల చోటు ఎక్కడ మిగులును?

నేను కొంతకాలముగా సాయంకాలములందు ఇట్టివారికి ఇంగ్లీషు చెప్పుచున్నాను. మొదటి రోజులలో నేనును ఎఱ్ఱసిరా వాడినవాడనే. నా కన్ను తెఱపించినది కరీంనగర్ జిల్లా నుండి వచ్చిన ఒక పెద్దామె. ఆమె ఒక వైద్యశాలకు పోగా, నర్సు ఆమె చీటీ చూచుచు, మీకు ఏ మందులును పడకపోవుట లేదు గదా యను అర్థమున ఇంగ్లీషులో ప్రశ్నించినదట. ఈమె 'యెస్' అన్నది. ఏ మందు పడదని నర్సు మరల అడిగినది. ఈమెకు మతిపోయినది. తరగతికి వచ్చి నాతో, "సారూ, అవును, లేవు అనే చెప్పిన గదా! అండ్ల తప్పేమున్నది?" అనెను. తప్పేమియు లేదు. ప్రశ్నలోని మాటతో నేను ఏకీభవించుచున్నానా లేదా యన్నది తెలుగువాని 'అవును' చెప్పును. వస్తువు ఉన్నదా లేదా యన్నది ఇంగ్లీషువాని 'యెస్' చెప్పును. రెండును నిర్దుష్టమైన తర్కములే. ఆమె తన భాషాన్యాయమును అక్షరాల పాటించినది, కాని ఆ న్యాయము చెల్లని కచేరీలో. ఈ సంగతి తెలియని ఉపాధ్యాయుడు 'యెస్ కాదు, నో అనవలెను' అని సవరించి ఊరకుండును. ఆమె తలయూపి, మరునాడు మరల 'యెస్' అనును. అది తెలిసినవాడు ఆ రెండు న్యాయములను ప్రక్కప్రక్కన పెట్టి చూపును. నేనట్లు చూపిన నాడు ఆమె చాలసేపు మౌనముగా కూర్చుండి, పిదప తన కోడలితోను, పోస్టాఫీసులోను, దుకాణములోను జరిగిన పాత పొరపాట్లను ఒకటొకటిగా తానే తవ్వి తీసినది. ఆ దినమున నేను దిద్దిన తప్పు ఒక్కటియు లేదు. ఆమె దిద్దుకొన్నవి అయిదో ఆఱో యుండును.

ఇట్టిదే మర్యాద విషయము. మనవారు ఇంగ్లీషులో మొరటుగా మాటాడుదురని ఒక అపవాదు కలదు. 'గివ్ మీ వన్ ఫారం' అని కౌంటరువద్ద అనగానే ఎదుటివారి కనుబొమ్మలు ముడివడును. కాని అట్లడిగిన ఇల్లాలి మనస్సులో ఉన్న వాక్యము 'ఒక ఫారం ఇవ్వండి'. తెలుగున మర్యాద యంతయు క్రియ చివరనున్న 'అండి' లో నిక్షిప్తమైయున్నది. ఆ ప్రత్యయము సముద్రము దాటి రాలేదు. మర్యాద లేక కాదు, దానిని తగిలించు కొక్కెము ఇంగ్లీషు క్రియకు లేక. "మీ 'అండి' ఎక్కడ పోయినదో వెదకుడు" అని నేనడిగినప్పుడు ప్లీజు, కుడ్ యూ వంటివి ఆ ఖాళీలోనికి వానియంతట అవే వచ్చి కూర్చుండుట పలుమాఱులు చూచితిని. 'మీరు మొరటుగా మాటాడుచున్నారు' అని చెప్పబడిన మనిషి నేర్చుకొనునది ఇంగ్లీషు కాదు, అవమానము. 'ఐ హావ్ ఎ డౌట్' అను మాటయు నట్టిదే: మన సందేహము తెలిసికొనగోరు వినయము, వారి డౌటు నమ్మలేకపోవుట. పాఠము చెప్పిన వెంటనే ఇరువదేండ్ల మన విద్యార్థి ఆ మాట యనగా, తన విద్వత్తునే శంకించుచున్నాడని నొచ్చుకొన్న అధ్యాపకులు లేకపోలేదు.

ఎడిన్‌బరో విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన పిట్ కార్డర్ 1967 లో ప్రకటించిన ఒక చిన్న వ్యాసమున, నేర్చుకొనువాని దోషములు అజాగ్రత్తకు గుర్తులు గావనియు, అతడు లోలోపల నిర్మించుకొనుచున్న భాషావ్యవస్థకు సాక్ష్యములనియు ప్రతిపాదించెను. ఆ వ్యాసము వెలువడి అర్ధశతాబ్దము దాటినను, మన యిండ్లలోను చాల తరగతులలోను దోషము ఇంకను నేరముగానే పరిగణింపబడుచున్నది.

ఈ నేలకే చెందిన ఒక పూర్వగాథ నాకు తఱచు జ్ఞప్తికి వచ్చును. 1784 వేసవిలో జనరల్ విలియం రాయ్ అను సైనికుడు హౌన్స్‌లో హీత్ అను ఈ మైదానముమీద, కింగ్స్ ఆర్బర్ నుండి హాంప్టను వఱకు, అయిదు మైళ్ళకు పైబడిన ఒక సరళరేఖను కొలిచెను. బ్రిటను దేశపటమునకెల్ల పునాదియైన కొలత అదియే. మద్రాసు చేరువ పరంగిమల కడ 1802 లో లాంబ్టన్ ప్రారంభించి దక్కను మీదుగా నడిపిన మహాసర్వేక్షణమునకును ఇదియే మార్గదర్శి యనవచ్చును. రాయ్ మొదట కొయ్యకోలలతో కొలువబూనెను. వానతేమకు కోలలు వ్యాకోచించుచున్నవని, కావున నేల నిడివి మాఱకున్నను లెక్క మాఱుచున్నదని ఆయన గ్రహించి, వానిని విడిచి గాజు గొట్టములు చేయించి మరల కొలిచెను. 1791 లో ఉక్కుగొలుసుతో ఇంకొకరు అదే రేఖను కొలువగా వచ్చిన భేదము మూడంగుళములను మించలేదు. లెక్క తప్పినప్పుడు ఆ సైనికుడు నేలను నిందింపలేదు, కోలను పరీక్షించెను. విద్యార్థి తప్పిన ప్రతి దినమును, అతనిని కొలుచుటకు నేను చేతబట్టిన కోల ఏ తేమకు ఉబ్బినదో చూచుకొనవలెనని నాకు హౌన్స్‌లో మైదానము నేర్పినది. నా అలసటయే ఆ తేమ కావచ్చును. నా ఇంగ్లీషుపై నాకు గల రహస్యమైన గర్వము కావచ్చును. పరీక్ష దగ్గఱపడుచున్నదను ఆందోళన కావచ్చును.

ఇక మార్కుల సంగతి. ఇజ్రాయెల్ పరిశోధకురాలు రూత్ బట్లర్ 1988 లో ప్రకటించిన పరీక్షలో కొందఱు పిల్లలకు మార్కులు మాత్రమే, కొందఱికి వ్యాఖ్య మాత్రమే, కొందఱికి రెండును ఇచ్చి చూచెను. వ్యాఖ్య మాత్రమే పొందినవారు ముందునకు సాగిరి, వారికి పనియందు ఆసక్తియు నిలిచెను. రెండును పొందినవారు మార్కులు మాత్రమే పొందినవారి త్రోవనే పట్టిరి. అంకె కనబడినంతనే కన్ను అక్కడ అంటుకొనిపోవును, క్రింద వ్రాసిన మాట ఎంత మంచిదైనను చదువబడదు. మన పిల్లల పుస్తకము చేత బట్టగానే మొదట మన చూపు ఎక్కడికి పోవునో ప్రతి తండ్రియు తన గుండెపై చేయి వేసికొని చెప్పగలడు. నేను పుస్తకములలో అంకె వేయుట మానితిని. ఒప్పు వ్రాసి యిచ్చుటయు మానితిని. తప్పున్న పంక్తికి ఎదురుగా అంచున ఒక చుక్క పెట్టుదును. ఒక వారమునకు ఒక జాతి తప్పునకు మాత్రమే చుక్క. చుక్క చూచి తప్పును వెదకుట, సరిచేయుట, ఆ పేరాను మరల వ్రాయుట వారి పని. ముగ్గు వేయు స్త్రీలకు చుక్కల మర్మము వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇందుకు ఆక్షేపణ లేకపోలేదు, అది తేలికగా త్రోసిపుచ్చదగినదియు గాదు. ఒక వారము ఒక జాతి తప్పునే పట్టించుకొన్నచో తక్కినవి రాయివలె గట్టిపడవా యని అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు అడుగుదురు. వ్రాతలోని వ్యాకరణదోషములను దిద్దుట నిష్ప్రయోజనమని, దానిని పూర్తిగా మానవలెనని వాదించి జాన్ ట్రస్కట్ 1996 లో పెద్ద దుమారము లేపగా, డేనా ఫెరిస్ 1999 లో ఆయనకు ఎదురు నిలిచి, ఎంచి, స్పష్టముగా చేసిన సవరణము ఉపకరించునని ప్రతివాదము చేసెను. నేను ఫెరిస్ పక్షమువాడను. దిద్దకుండుట దయ కాదు. అది మఱొక విధమైన నిర్లక్ష్యము. వీసా పరీక్షకు పోవలసిన కోడలికి 'బాగున్నదమ్మా, చాల బాగున్నది' అని చెప్పి పంపు మెత్తని ఉపాధ్యాయుని నేను హర్షింపజాలను. పదిమందియెదుట నవ్వువాడును, నవ్వుచు మోసపుచ్చువాడును ఇరువురును ఆమెను ఉన్నచోటనే విడిచిపోయిరి.

సుకుమారముగా దిద్దు ఉపాయ మొకటి అందఱమును స్వభావసిద్ధముగా వాడుచుందుము. తప్పు వాక్యమును ఒప్పుగా మార్చి, ప్రశ్నవలె తిరిగి పలుకుట అది. ఇంటి బామ్మలు దీనియందు ఆఱితేఱినవారు. మనుమడు 'నేను స్కూల్ వెళ్ళింది' యనగా, 'వెళ్ళావా నాన్నా?' యని వెన్నపూసవలె అందింతురు. ఐనను, కెనడాలో ఫ్రెంచి నేర్చు పిల్లల తరగతులను పరిశీలించి లిస్టర్, రాంటా అను ఇరువురు 1997 లో తేల్చినదేమనగా, ఉపాధ్యాయులు చేసిన సవరణములలో 55 శాతము ఈ జాతివే, కాని వానికి విద్యార్థి నోట ఏదో యొక స్పందన కలిగినది 31 శాతము మాత్రమే. తక్కినవి గాలికి పోయినవి. తాను దిద్దబడుచున్నానని పిల్లవానికి తెలియనే తెలియదు. 'ఇంకొకమాఱు చెప్పుము' అని ఆగి నిలుచుట, 'ఇక్కడ ఏమనవలెను?' అని అడుగుట కొంచెము మోటుగా తోచినను, అవియే విద్యార్థి నాలుకను కదలించునవి.

ఆగి నిలుచుట అంత సులభము కాదు. అమెరికాలో మేరీ బడ్ రో అను ఆమె 1970 ప్రాంతమున తరగతి గదులలో గడియారము పట్టి కొలువగా, ఉపాధ్యాయులు ప్రశ్న వేసిన పిదప సగటున ఒక్క సెకను మాత్రమే వేచియుండిరి. మూడు సెకనులు వేచినప్పుడు జవాబులు పొడవైనవి, అవి తామై వచ్చినవి. హౌన్స్‌లోలో ఈ నిరీక్షణ నేర్పినది నాకు విమానము. హీత్రో విమానాశ్రయమున దిగు విమానములు మా తరగతి కప్పుమీదుగా నిమిషమునకు, నిమిషమున్నరకు ఒకటి చొప్పున పోవు దినములు కలవు. ఆ ధ్వని పిల్లల చదువునకు హానికరమనుట నిజము. 2005 లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అధ్యయనము, హీత్రోతో పాటు ఆంస్టర్‌డాం, మాడ్రిడ్ విమానాశ్రయముల చుట్టునున్న 2,800 కు పైబడిన బాలబాలికలను పరిశీలించి, విమానఘోష పెరిగిన కొలది పఠనగ్రహణము తగ్గుచున్నదని చూపినది. దానిని నేను మెచ్చుకొనుట లేదు. కాని ఒకనాడు, విద్యార్థిని తప్పు పలుకగనే సవరింపబోయి నేను నోరు తెఱచునంతలో విమానము వచ్చినది. మా ఇరువురకును మూగవారివలె ఎదురెదురుగా చూచుకొనక తప్పలేదు. ఘోష అణగినప్పుడు ఆమె తన వాక్యమును తానే సరిచేసి పలికినది. నేను తెఱచిన నోరు మూసికొంటిని. విమానము లేని వేళలను కూడ ఆ పాటి ఆగుటకు నాకు ఏడాది పట్టినది.

ఒక విషయము మనవారు తలపోయవలెను. 1817 లో మద్రాసున దిగి, వెలగపూడి కోదండరామ పంతులుగారి వద్ద తెలుగు ఆరంభించి, 1820 లో కడప చేరిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, పండితులను చేర్చుకొని నిఘంటువు కట్టెను; 1865 నుండి లండను యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యపదవి వహించెను. ఆయన మొదటి యేటి తెలుగు ఎట్లుండియుండునో ఊహింపవచ్చును. మహాప్రాణములు పలుకలేక ఆ దొర తడబడినప్పుడు కడప కచేరీలో ఎవ్వరు పకపక నవ్వగలిగియుందురు? అధికారి తప్పు పలికినచో వినువారు ఓపిక పట్టి అర్థము చేసికొందురు. వలసవచ్చిన యిల్లాలు పలికినచో అదే తప్పు తెలివితక్కువకు గుర్తగును. బ్రౌనుకు దొరకిన ఓపికలో పదవ వంతు ఆమెకు దొరకవలెనని కోరుట అత్యాశ కాదు. మన తెలుగు సంఘములు ఉగాదికి, బతుకమ్మకు హాళ్ళు అద్దెకు తీసికొని వేడుకలు జరుపుచున్నవి; వారమునకొక గంట అట్టి హాలులోనే, తప్పు పలుకుటకు భయపడనక్కఱలేని చోటొకటి ఏర్పఱచినచో, దానికి కావలసినది ఒక టీకెటిలును, ఓపికగల ఒకరిద్దఱును మాత్రమే.

ఆ బస్సులోని యిల్లాలు తరువాత కొన్నాళ్ళకు మా తరగతికే వచ్చినది. 'వెస్ట్' మాట నేను ఎత్తలేదు. రెండవ వారము ఆమెయే యెత్తినది. "మాస్టారూ, ఆ రెంటికీ తేడా నాకు వినపడనే వినపడదండీ" అన్నది. ఊదుగొట్టముతో పొయ్యి ఊదినారా యని అడిగితిని. చిన్నప్పుడు అమ్మమ్మగారింట ఊదినానన్నది. ఆ పెదవులు పట్టుడు, పలువరుసను పెదవికి తగులనీయకుడు, పిమ్మట 'ఎస్ట్' అనుడంటిని. ఆమె నాలుగైదుమాఱులు గాలి ఊదినది, నవ్వినది, అయిదవమాఱు పడమటి దిక్కు స్పష్టముగా పలికినది. ఇంటికి పోయి తన కొడుకునకు ఆ యూదుగొట్టపు కథ చెప్పినదట.

మఱుసటి వారము ఆమె చెప్పిన సంగతి ఇది. అన్నమునకు కూర్చుండి పిల్లవాడు "అమ్మా, పల్లెం ఇవ్వు" అన్నాడట. ఎప్పటివలె పళ్ళెము తెచ్చి పెట్టక, ఆ దినము, "నాలిక మడిచి, అంగిట్లోకి ఎత్తి చూడు నాన్నా" అని చెప్పి ఆమె ఎదుట కూర్చున్నదట. మొదటిమాఱు రాలేదు. రెండవమాఱు పలుకబోవునంతలో ఇంటిమీదుగా విమానము పోయినది. అది దాటిపోవువఱకు తల్లియు కొడుకును ఒకరి నోరొకరు చూచుకొనుచు కూర్చుండిరట. పప్పు చల్లారినది గాని, ఆ 'ళ' వచ్చువఱకు వాడు లేవనని పట్టుబట్టినాడని ఆమె చెప్పినది.